శిథిలాలయం రాసిందెవరు?



మీలో చాలామంది చిన్నప్పుడు చందమామ చదివే ఉంటారు. శిథిలాలయం గుర్తుందా? అందులో శిఖిముఖి, విక్రమకేసరి? యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు? మాయా సరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు? ఈ పేర్లు వింటేనే కొందరికి ఆ రంగుల బొమ్మలు కళ్లముందు కదులుతాయి. మరి ఆ కథలు రాసిందెవరో చెప్పగలరా?

పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు అయ్యాక ఓ పదిమందిని సరదాగా ఇదే అడిగాను. ఒక నాన్నగారు రాకాసిలోయ కథ సగం దాకా ఆగకుండా చెప్పారు. వెనక వరసలో వాళ్లు కూడా కుర్చీలు ముందుకు జరుపుకుని విన్నారు. రాసినవారి పేరు అడిగితే మాత్రం తడుముకుని, "చందమామే రాసింది మేడం" అని నవ్వేశారు. ఆయన జవాబు పూర్తిగా తప్పేం కాదు. ఆ సీరియల్స్ మీద రచయిత పేరు వేసేవారు కాదు. కథ పేరుండేది, బొమ్మ కింద 'చిత్రా' అన్న సంతకం ఉండేది. రాసిన మనిషి కనిపించేవాడు కాదు.

ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలో పుట్టారు. 1950ల మొదట్లో, ఇరవై ఏళ్ల వయసులో, మద్రాసులో చందమామ ఆఫీసులో చేరి, సుమారు అర్ధశతాబ్దం అక్కడే పనిచేశారు. 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు. 1954లో మొదలైన తోకచుక్క ఆయన మొదటి సీరియల్. మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయా సరోవరం, భల్లూక మాంత్రికుడు అన్నీ కలిపి పన్నెండు సీరియల్స్. చందమామ చాలా భాషల్లో వచ్చేది కాబట్టి హిందీలో చందామామా చదివిన పిల్లలూ, తమిళంలో అంబులిమామా చదివిన పిల్లలూ కూడా ఈ తెలుగాయన రాసినవే నెలనెలా ఎదురుచూసి చదివారు. తర్వాతి తరాల కోసం పత్రిక వాటినే మళ్లీ వేసింది. మీలో ముప్పై అయిదు, నలభై ఏళ్ల వాళ్లు చదివింది అలా మళ్లీ వేసినప్పుడే.

ఇది స్కూలు పత్రిక. ఇందులో ఈ పాత సంగతి ఎందుకంటారా? కారణం ఉంది. ఆ మీటింగ్‌లోనే ఒక అమ్మగారు నన్ను పక్కకు పిలిచి అడిగారు. "మేడం, మేం ఫీజు కట్టేది ఇంగ్లిష్ కోసం. మీరేమో లైబ్రరీ పీరియడ్‌లో తెలుగు కథలు చదివిస్తున్నారంట. అవి పరీక్షల్లో వస్తయా?" ఆమె అడిగిన తీరులో కోపం లేదు, నిజమైన ఆందోళన ఉంది. ఫీజు కట్టడానికి ఇంట్లో ఎంత లెక్క చూసుకుంటారో నాకు తెలుసు, నేనూ అలాంటి ఇంట్లోంచే వచ్చాను. ఆమెకు అప్పుడు రెండు ముక్కల్లో జవాబు చెప్పాను. వివరంగా చెప్పాల్సింది చాలా ఉంది, మీ అందరికీ కూడా. అందుకే ఈ వ్యాసం.

నేను చెప్పేది ఒకటే. మన పిల్లలకు చదవడం రాక కాదు, తర్వాతి పేజీలో ఏముందో తెలుసుకోవాలన్న తహతహ పుట్టక చదవడం లేదు. ఆ తహతహ పుట్టించడంలో సస్పెన్స్ కథను మించింది లేదు. అది ముందు ఇంటి భాషలో పుడితే ఇంగ్లిష్‌లోకి దానంతటదే నడిచొస్తుంది.

పేపర్లు దిద్దేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. ఇంగ్లిష్ పేపర్‌లో చూడని పాఠం ఒకటి ఇచ్చి ప్రశ్నలు అడుగుతాం. 'ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు' అంటే పిల్లలు టకటకా రాసేస్తారు, ఆ వాక్యం పాఠంలోనే ఉంటుంది కాబట్టి. 'అతను అబద్ధం చెప్తున్నాడని నీకెలా తెలిసింది?' అంటే కలం ఆగిపోతుంది. పై నుంచి కింది దాకా పాఠంలో వెతుకుతారు. జవాబు అక్కడ రాసి ఉండదు. రెండు వాక్యాల మధ్య ఉంటుంది. దాన్ని పట్టుకోవడం గ్రామర్ పుస్తకంతో రాదు. వందసార్లు 'వీడే దొంగ' అనుకుని, తొంభైసార్లు పొరబడి, పదిసార్లు కరెక్టుగా పట్టుకున్న పిల్లకు వస్తుంది.

చందమామలో ఇందుకోసమే పుట్టిందా అన్నట్టు ఇంకో శీర్షిక ఉండేది, బేతాళ కథలు. సంస్కృతంలో ఉన్నవి పాతిక కథలే. చందమామ వాళ్లు అవి అయిపోయాక కూడా ఆపకుండా అదే చట్రంలో కొత్తవి వందల కొద్దీ అల్లారు. చట్రం మీకు తెలిసిందే. శవంలోని బేతాళుడు కథ చెప్తాడు, చివర్లో చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగిలిపోతుంది, చెప్తే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఆరో తరగతిలో ఒక కథ చదివి, ప్రశ్న దగ్గర పుస్తకం మూసేశాను. "ఇప్పుడు మీరే విక్రమార్కులు" అన్నాను. ఎప్పుడూ చెయ్యెత్తని ఒకబ్బాయి లేచి నిలబడి, రాజు ఎందుకలా చేశాడో కథలోంచి రెండు ఆధారాలు చూపించి మరీ చెప్పాడు. పుస్తకంలో ఉన్న జవాబు వేరు. వాడు చెప్పిందే బాగుందని క్లాసంతా తీర్మానించింది, నాకూ అలాగే అనిపించింది. మర్నాడు అదే పిల్లాడు ఇంగ్లిష్ పీరియడ్‌లో 'బికాజ్' అని మొదలుపెట్టి పొడుగాటి వాక్యం ఒకటి చెప్పాడు. గ్రామర్ అంత సరిగా లేదు. ఆలోచన మాత్రం సరిగ్గా ఉంది. గ్రామర్ సరిచేయడం నా పని, నేను చేస్తాను. ఆలోచనను నేను బయటినుంచి తెచ్చి అతికించలేను.

ఇప్పుడు మళ్లీ దాసరి గారి దగ్గరికి వద్దాం. ఆయన రాసిన పరిస్థితిని ఊహించండి. ఆయన ఇంట్లో కూర్చుని తీరిక దొరికినప్పుడు రాసుకునే రచయిత కాదు, ఉద్యోగి. పాఠకులు పంపిన కథలు చదవాలి, పనికొచ్చేవి తిరగరాయాలి, ప్రూఫులు చూడాలి. పైన కొడవటిగంటి కుటుంబరావు గారి లాంటి సంపాదకుడు. ఆయనదీ తెనాలే, పత్రిక నడిపిన చక్రపాణి గారిదీ తెనాలే. వాక్యం చిన్నదిగా ఉండాలి, మాట పిల్లలకు తెలిసినదై ఉండాలి, అనవసరమైన వర్ణన ఉండకూడదు. ఆ పద్ధతిలో నెలకు కొన్ని పేజీలు. మొదట్లో జరిగిన కథ నాలుగు ముక్కల్లో, మధ్యలో ఒక సంఘటన, చివర ఒక ప్రమాదం. హీరో కొండ అంచున వేలాడుతూనో, గుహలోంచి గర్జన వినిపిస్తూనో ఆ నెల కథ ఆగిపోతుంది. పిల్లలు నెల రోజులు ఆగాలి. ఒక్కో సీరియల్ ఏడాది, ఏడాదిన్నర, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ నడిచేది.

నెల రోజులు ఆగడమంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. ఫోన్‌లో వీడియో అయిపోకముందే ఇంకోటి వచ్చేస్తుంది. ఆగాల్సిన పని లేదు, ఊహించాల్సిన పని అంతకన్నా లేదు. మీ తరం ఆ నెల రోజులూ ఏం చేసింది? బడికి పోయే దారిలో ఆ హీరోను కొండ మీంచి దింపడానికి పది ఉపాయాలు ఆలోచించింది. దోస్తులతో పందేలు కాసింది. అలా కథలో కొంత మీరే రాశారు. ఆ పని చేసిన బుర్రతోనే తర్వాత లెక్కలు చేశారు, వ్యాపారాలు చేశారు. మీ పిల్లలకు ఆ నెల రోజులు లేవు.

ఇంకో విషయం. ఆయన హీరోలు చాలాసార్లు ఇద్దరు. పైన చెప్పిన మూడు సీరియల్స్‌లోనూ జంటలే. ఇది ఊరికే జరిగిందనుకోను. ఒక్కడే అడవిలో నడిస్తే రచయితే అన్నీ వర్ణించాలి. ఇద్దరు నడిస్తే మాట్లాడుకుంటారు. "ఆ పొగ ఎక్కడినుంచి వస్తోంది?" అని ఒకడంటే "అది పొగ కాదేమో" అని రెండోవాడంటాడు. చదివే పిల్ల మూడో మనిషిగా పక్కన నడుస్తుంది. షెర్లాక్ హోమ్స్ పక్కన వాట్సన్ ఉన్నదీ, సత్యజిత్ రాయ్ ఫెలూదా పక్కన తోప్షే ఉన్నదీ ఇందుకే.

ఈ ఊహలన్నీ ఆయనకు ఎక్కడినుంచి వచ్చాయి? చదివితే రెండు వైపులు కనిపిస్తాయి. ఒకవైపు మన కాశీమజిలీ కథలు, జానపద కథలు. మాంత్రికులు, యక్షులు, రాక్షసులు అక్కడివాళ్లే. ఇంకోవైపు సముద్రయానాలు, దీవులు, దాచిన ధనం, శిథిలమైన నగరాలు. ఇంగ్లిష్‌లో స్టీవెన్సన్ ట్రెజర్ ఐలాండ్ 1883లో పుస్తకంగా వచ్చింది. రైడర్ హాగర్డ్ కింగ్ సాలమన్స్ మైన్స్ 1885లో వచ్చింది. తోకచుక్కలో సమరసేనుడు ఓడలెక్కి తెలియని తీరానికి పోతాడు. అక్కడ ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల మధ్య చిక్కుకుంటాడు. ఓడ ఆ ఇంగ్లిష్ పుస్తకాలకు చుట్టం, మాంత్రికులు మన నాయనమ్మలకు చుట్టాలు. రెంటినీ ఒక్క కథలో అంత సులువుగా కలిపారు. ఇంగ్లిష్ మీడియంలో చదివే తెలుగు పిల్లలు రోజూ బతుకుతున్నదీ అలాంటి రెండు లోకాల మధ్యనే. వాళ్లకు ఇంతకంటే దగ్గరి రచయిత ఎవరు?

ఆయన సీరియల్స్ పేర్లు ఇంకోసారి చూడండి. కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయా సరోవరం. పన్నెండింట్లో ఏడు చోట్ల పేర్లు. కోట, దీవి, లోయ, దుర్గం, గుడి, కొండ, చెరువు. మనిషి పేరు పెట్టలేదు, నిధి పేరు పెట్టలేదు. ముందు ఒక చోటును మన కళ్లముందు నిలబెడతారు. అక్కడ ఏముందో చూడాలని మనకే అనిపిస్తుంది. నేను పిల్లలకు ఇది చెప్పినప్పుడు ఒకమ్మాయి వేళ్లు మడిచి లెక్కపెట్టి, "రాతిరథం కూడా చోటే కావచ్చు కదా మేడం, రథంలోకి పోవచ్చు" అంది. ఎనిమిది చేద్దామా అని ఓటింగ్ పెట్టుకున్నారు. ఇంకా తేలలేదు.

వేరే దేశాల్లోనూ ఇంతే. స్టీవెన్సన్ 1881లో స్కాట్లండ్‌లో వానలు పడుతున్న సెలవుల్లో తన సవతి కొడుకుతో కూర్చుని ఒక దీవి మ్యాపు గీశాడు. ఆ మ్యాపులోంచే ట్రెజర్ ఐలాండ్ పుట్టింది. ఎనిడ్ బ్లైటన్ మొదట టీచర్‌గా శిక్షణ పొందిన మనిషి. ఇది చెప్పడానికి నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. 1942 నుంచి 1963 దాకా ఆవిడ ఫేమస్ ఫైవ్ పుస్తకాలు 21 వచ్చాయి. సెలవులకు వెళ్లే డార్సెట్ తీరం, అక్కడి పాడుబడ్డ కోట ఆమె కథల్లోకి నడిచొచ్చాయంటారు. సత్యజిత్ రాయ్ వాళ్ల తాత 1913లో మొదలుపెట్టిన సందేశ్ అనే పిల్లల పత్రికను 1961లో మళ్లీ బతికించారు. అందులోనే 1965లో ఫెలూదాను పుట్టించారు. మొదటి కథ డార్జిలింగ్‌లో, తర్వాతివి లక్నోలో, గ్యాంగ్‌టాక్‌లో, జైసల్మేర్ కోటలో. బెంగాల్ పిల్లలు సెలవులకు పోయే ఊళ్లే అవి. సినిమాలతో ప్రపంచమంతా తెలిసిన మనిషి పిల్లల పత్రికకు డిటెక్టివ్ కథ రాయడం చిన్నతనం అనుకోలేదు.

మరి చివ్వెంలలో ఏముంది?

ఇది పిల్లలే అడిగిన ప్రశ్న. 'ఇక్కడేముంటది మేడం, హైవే ఉంటది' అన్నాడొకడు. సరే, చూద్దాం అన్నాను. 65వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ వెళ్తూ మీరు చూసే ఉండ్రుగొండ గుట్ట మన మండలంలోనిదే. పైన లక్ష్మీనరసింహస్వామి గుడి, అడవి, పాడుబడ్డ కోట గోడలు. ఇంతకంటే మంచి శిథిలాలయం దాసరి గారికి కూడా దొరికేది కాదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు కూడా మన మండలంలోదే. రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతరకు కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది. 2025 ఫిబ్రవరి జాతరకు మీలో ఎంతమంది పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని పోయారో నాకు తెలుసు, ఆ వారం సగం క్లాసు ఖాళీ. అది భక్తితో చూడాల్సిన పెట్టె, నేను కాదనను. కానీ ఒక పెట్టె ఊరేగింపుగా గుట్టెక్కుతుంటే పిల్లల బుర్రలో ఎన్ని కథలు పుడతాయో కూడా చూడండి.

ఇంకా ఉంది. మన జిల్లాలోనే నాగారం మండలం ఫణిగిరి. బౌద్ధ భిక్షువులు ఉన్న కొండ. అక్కడ దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా ప్రదర్శనకు వెళ్లొచ్చాయి. 2024లో అక్కడ తవ్వుతుంటే ఒక మట్టికుండ బయటపడింది. కుండలో సీసపు నాణేలు, లెక్కపెడితే 3,730. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివని పురావస్తు వాళ్లు తేల్చారు. క్లాసులో ఈ సంగతి చెప్పాక పది నిమిషాలు నన్ను మాట్లాడనివ్వలేదు. ఎవరు దాచారు? ఎందుకు దాచారు? దొంగలొస్తున్నారనా? మళ్లీ ఎందుకు తీసుకోలేదు? వాళ్లకేమైంది? బంగారం కాకుండా సీసం ఎందుకు? మామూలుగా ఒక్క ప్రశ్న అడగమంటే నేల చూపులు చూసే పిల్లలు వీళ్లు. చరిత్ర పాఠంలో ఇక్ష్వాకులు రెండు లైన్లు. ఆ కుండతో ఇక్ష్వాకులు పక్కింటివాళ్లయిపోయారు.

అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి, వాటినీ దాటేయకూడదు.

భయం సంగతి మొదటిది. 'దయ్యాలు, మంత్రాలు చదివితే రాత్రి పడుకోరు మేడం' అని కొందరన్నారు. చిన్న తరగతులకు ఇది నిజమే. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు కథ ప్రమాదం దగ్గర ఆపొద్దు, ముగించి పడుకోబెట్టండి. పెద్దవాళ్ల విషయంలో నేను ఒప్పుకోను. సీరియల్లో మాంత్రికుడి భయం పేజీతో పాటు మూసేయొచ్చు. సెల్‌లో వార్తల పేరుతో వచ్చే రక్తం వీడియోలు మూసినా పోవు. అవి చూస్తుంటే ఎవరూ ఆపడం లేదు. పైగా ఆ కథల్లో మాంత్రికులు చాలాసార్లు తమ దురాశతోనే బోర్లా పడతారు. గెలిచేది ధైర్యం, స్నేహం, సమయానికి పనిచేసిన బుర్ర.

రెండోది నాదే. ఆ పాత సీరియల్స్‌లో సాహసమంతా మగపిల్లలదే. మా క్లాసులో ఒకమ్మాయి మూడో భాగం దగ్గరే "అమ్మాయిలేరి మేడం?" అని అడిగేసింది. అడవి మనుషుల్ని చూపించిన తీరు కూడా కొన్నిచోట్ల ఆ కాలపు అపోహలతోనే ఉంటుంది. అక్కడ ఆగి మాట్లాడతాను. దాచిపెట్టి చదివించడం కంటే, "ఇది అప్పటి ఆలోచన, మీరైతే ఎలా రాస్తారు?" అని అడగడం మేలు. ఫేమస్ ఫైవ్‌లో జార్జ్ అనే పిల్ల ఉంటుంది. అసలు పేరు జార్జినా, అలా పిలిస్తే పలకదు. ఆ పిల్ల గురించి విన్న రోజు మా అమ్మాయిలు ఆ పుస్తకం కోసం లైబ్రరీ ముందు లైన్ కట్టారు. ఇంగ్లిష్ పుస్తకం కోసం, గమనించండి. తెలుగులో సస్పెన్స్ రుచి చూశాకే ఆ లైను.

మూడోది టైం. ట్యూషన్, హోంవర్క్, వారం వారం టెస్టులు. నేను అడిగేది రాత్రి పదిహేను నిమిషాలు. తెలుగు మీరు చదివి వినిపించినా సరే, తాతయ్య చదివినా సరే. మీ ఇంట్లో చందమామలను గట్టిగా చదవగలిగిన చివరి తరం బహుశా వాళ్లే. ఈ సీరియల్స్‌లో కొన్ని పుస్తకాలుగా కూడా వచ్చాయి. పాత చందమామలు అటక మీద ఎవరి ఇంట్లోనైనా ఉంటే దుమ్ము దులపండి. చదివేటప్పుడు ఒక్కటే పాటించండి. మధ్యలో పదాలకు అర్థాలు అడగొద్దు, చివర్లో నీతి అడగొద్దు. "నీకేమనిపిస్తోంది, తర్వాత ఏమవుతుంది?" అని మాత్రం అడగండి. వాళ్లు చెప్పిందాన్ని తప్పు అనకండి, రేపు రాత్రి కథే చెప్తుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టింపు ఉన్నది మాత్రం ఇక్కడ. 'మై ఫేవరెట్ ఆథర్' మీద పేరా రాయమంటే క్లాసులో అందరూ గైడ్‌లో ఉన్న రెండు మూడు పేర్లే రాస్తారు. ఆ రచయితలు మంచివాళ్లే. కానీ రచయిత అంటే ఎక్కడో చలిదేశంలో, పెద్ద ఇంట్లో, కిటికీ పక్కన కూర్చున్న మనిషి అని పిల్లలు స్థిరపడిపోయారు. తెనాలి వైపు పుట్టి, ఉద్యోగం చేసుకుంటూ, నెలకు కొన్ని పేజీలు రాసి, పేరు కూడా లేకుండా దేశంలోని పిల్లల్ని నెలల తరబడి ఊపిరి బిగబట్టేలా చేసిన మనిషి వాళ్లకు రచయితల లెక్కలోనే లేడు. పేరు వేయకపోవడం అప్పటి పత్రిక పద్ధతి, దాన్ని నేనిప్పుడు తప్పుపట్టి చేసేదేమీ లేదు. ఆ పేరును ఇప్పుడు చెప్పకపోతే మాత్రం అది మన పొరపాటే అవుతుంది. డాక్టర్, సాఫ్ట్‌వేర్, కలెక్టర్ అని రాసే కాలమ్‌లో ఒక్కరైనా 'డిటెక్టివ్ కథలు రాస్తాను' అని రాయాలని నాకు ఆశ. రాస్తే మీరు నవ్వకండి.

ప్రస్తుతం మా ఆరో తరగతి ఉండ్రుగొండ మీద ఒక సీరియల్ రాస్తోంది. కథ గురించి కొట్లాడుకునేది తెలుగులో, రాసేది ఇంగ్లిష్‌లో. వారానికొక భాగం, ఒక్కో భాగం ఒక్కో గ్రూపు. రూల్స్ దాసరి గారి దగ్గర అప్పు తెచ్చుకున్నవే. మొదట జరిగిన కథ అయిదు లైన్లలో. భాగం ఒక్క పేజీ దాటకూడదు. చివర్లో ఎవరో ఒకరు ఇరుక్కోవాలి. నేను కలిపిన రూల్ ఒకటుంది. 'అంతలో మెలకువ వచ్చింది, అదంతా కల' అని రాస్తే ఆ గ్రూపు మొత్తం మళ్లీ రాయాలి. మార్కులు లేవు. మార్కులు లేకపోయినా స్పెల్లింగ్ కోసం డిక్షనరీ తీస్తున్నారు, ఎందుకంటే పక్క గ్రూపు వాళ్లు నవ్వుతారు.

ఇప్పటికి నాలుగు భాగాలయ్యాయి. ఇద్దరు స్నేహితురాళ్లు (అవును, ఈసారి అమ్మాయిలే) కోట గోడలో ఒక రాయి మీద ఏనుగు గుర్తు చూశారు. దాన్ని జరిపితే కిందికి మెట్లున్నాయి. మెట్ల మీద కొత్తగా పడిన చెప్పుల అచ్చులు. అక్కడ కథ ఆగింది. అయిదో భాగం రాయాల్సిన గ్రూపుకు కోట లోపల ఏముండేదో తెలియడం లేదు, ఊరికే కల్పించడానికి ఒప్పుకోవడం లేదు. ఉండ్రుగొండ గురించి, ఆ కోట గురించి మీ అమ్మానాన్నలో, తాతయ్యలో చెప్పిన ముచ్చట్లు ఏవైనా ఉంటే ఒక కాగితం మీద రాసి, ఈ శనివారంలోగా డైరీలో పెట్టి పంపండి. తెలుగులోనే రాయండి.